మాడిన రొట్టె కోసం ఒక జాహా

కఫ్ర్ సవ్వాన్‌లో పెళ్ళి కుదిరితే ముందు హాలు మాట్లాడుకుంటారు, ఆ తర్వాత నిహాయాను మాట్లాడుకుంటారు. హాలు దొరక్కపోతే ఎవరి పెరట్లోనైనా పెళ్ళి కానిచ్చేయొచ్చు. నిహాయా దొరక్కపోతే మాత్రం తారీఖు మార్చుకోవాల్సిందే. ఆడవాళ్ళ వైపు కెమెరా పట్టుకునే ఆడమనిషి ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆమె ఒక్కతే. మగవాళ్ళ వైపు తీయడానికి నబ్లుస్ పట్నం నుంచి ఎవరో ఒకరు వస్తారు. వాళ్ళు వరసకట్టి దబ్కే ఆడే కాళ్ళూ, దువ్విన మీసాలూ తీసుకుని పోతారు. అసలు పెళ్ళి జరిగేది ఇవతలి వైపు. తలగుడ్డలు పక్కన పెట్టి, జుట్టు విరబోసుకుని, ఏడాదంతా దాచుకున్న నవ్వంతా ఒక్కరోజులో నవ్వేసే చోటది. అక్కడికి మగపురుగు రాకూడదు. వచ్చిన ఆడవాళ్ళ ఫోన్లు కూడా గుమ్మం దగ్గరే సంచీలో వేసి కట్టేస్తారు. లోపల ఉండే కన్ను నిహాయాది ఒక్కటే.

ఆమె తన ఇంట్లో అయిదో ఆడపిల్ల. ఇక చాలు దేవుడా అని చెప్పుకోవడానికి ఆ ఊళ్ళో నిహాయా అని పేరు పెడతారు, అంతం అని దానర్థం. దేవుడు విన్నట్టే విని ఆ తర్వాత ఇంకో ఇద్దరు ఆడపిల్లల్ని పంపించాడు. వాళ్ళకి మామూలు పేర్లే పెట్టారు, ఆయనతో మళ్ళీ పేచీ ఎందుకని.

పెద్దక్క మొగుడికి నబ్లుస్‌లో ఫోటో స్టూడియో ఉండేది. ఆయనే మొదట ఈ పిల్ల చేతికి కెమెరా ఇచ్చి ఒక పెళ్ళికి పంపాడు. ఈమె కంగారులో మీట తలకిందులుగా అర్థం చేసుకుంది. తీస్తున్నాననుకున్నప్పుడు ఆపేసింది, ఆపేశాననుకుని చెయ్యి దించినప్పుడు కెమెరా నడుస్తూ ఉంది. తీరా చూస్తే పెళ్ళికూతురి మొహం మచ్చుకైనా లేదు. మొత్తం నేలా, కాళ్ళూ, చెప్పులూ. ఊరు ఊరంతా నవ్వింది. పెళ్ళికూతురి తల్లి మాత్రం ఆ కేసెట్ గుండెలకి హత్తుకుని, "మా అమ్మాయి పెళ్ళికి ఎవరెవరు కొత్త చెప్పులు కొనుక్కొచ్చారో అన్నీ కనపడ్డాయి. ఇంత గొప్పగా ఎవరు తీయగలరు!" అంది. ఆ ముక్కతో నిహాయా బతుకుదెరువు స్థిరపడిపోయింది.

ఆమెకొక నియమం ఉంది. తీసిందంతా పెళ్ళికూతురి చేతికి ఇచ్చేసి, అక్కడే ఆమె కళ్ళముందే కెమెరాలోంచి చెరిపేస్తుంది. నకలు ఉంచుకోదు. ఇన్నేళ్ళలో ఏ ఆడదాని వెంట్రుక ఒక్కటి కూడా ఆమె చేతుల్లోంచి జారి బయట పడలేదు. ఆమె భర్త నిమ్ర్ నబ్లుస్ రోడ్డు మీద టాక్సీ తోలతాడు. ఎక్కిన వాడల్లా వినాల్సిన మాట ఒకటుంది ఆయన దగ్గర. "మా ఆవిడ జిల్లాలో ఆడవాళ్ళందరి పెళ్ళిళ్ళూ చూసింది బాబూ. నాకు మాత్రం మా పెళ్ళి కూడా చూపించలేదు." అది నిజమే. ఆ రోజు తన చెల్లెళ్ళు తలగుడ్డల్లేకుండా ఉన్నారని చూపించలేదు.

ఇలాంటి మనిషి దగ్గరికి రామల్లా నుంచి రవంద్ అనే అమ్మాయి వచ్చింది. ఊళ్ళలో ఉండే ఆడవాళ్ళ చేత వాళ్ళ ఊళ్ళ గురించే సినిమాలు తీయించడం ఆ పిల్ల పని.

"మామూలు రోజులు తీయండి నిహాయక్కా. టీవీలో మనం కనపడితే చాలు, పొగా, ఏడుపూ, అంబులెన్సూ. మనం అన్నం తినమా? తగువులాడుకోమా? బట్టలారేసుకోమా? అది తీయండి."

నిహాయా జీవితమంతా చేసిన పని పెళ్ళికూతుళ్ళ బీరువాల్లో, బట్టల మడతల కింద, తాళాలేసి ఉంది. ఒక్కటంటే ఒక్కటి నలుగురిలో కూర్చుని చూసింది లేదు. నిహాయా కన్ను ఎలా చూస్తుందో ఊరికి తెలీదు, మొగుడికి తెలీదు. ఒక్కసారి అందరూ కలిసి కూర్చుని తను తీసింది చూడాలి. ఈ కోరిక ఇంతకాలం తనలో ఉందని ఆ పూటదాకా ఆమెకే తెలీదు. తెలిశాక మాత్రం నిద్ర పట్టలేదు.

సరే, మొదలుపెట్టింది. మామూలు రోజులు తీయడమంత కష్టం ఇంకోటి లేదని వారం తిరిగేసరికి అర్థమైంది. మీరు అంట్లు తోముకుంటుంటే తీస్తానంటే, పక్కింటావిడ అద్దాల బీరువాలోంచి పెళ్ళినాటి పింగాణీ గిన్నెలు దించి తోమింది. మేకలాయన మేకల్ని సబ్బుతో కడిగి తోలుకొచ్చాడు. అవి తళతళా మెరుస్తూ, సిగ్గుపడుతున్నట్టు నిలబడ్డాయి. "కెమెరా లేనట్టే ఉండండమ్మా" అని బతిమాలితే, కెమెరాకి వేరే కుర్చీ వేసి దాని ముందూ ఒక కప్పు కాఫీ పెట్టిన మహాతల్లి కూడా ఉంది. ఇంటికొచ్చిన దేన్నైనా ఊరికే నిలబెట్టడం వాళ్ళ వంశంలో లేదట.

నిహాయా పెళ్ళిళ్ళలో నేర్చుకున్న ఓపికంతా బయటికి తీసింది. వాళ్ళు ముస్తాబై, మాట్లాడి మాట్లాడి అలిసిపోయేదాకా కెమెరా పట్టుకుని కూర్చునేది. అప్పుడు మెల్లగా అసలు రోజులు బయటికొచ్చేవి. కొళాయి నీళ్ళొచ్చే రోజున మేడ మీద ట్యాంకుల దగ్గర కేకలు. కొడుక్కి ఫోన్ చేసి "తిన్నావా" అని అడిగే ముందు "రోడ్డు తెరిచారా" అని అడిగే తల్లి. ఒకసారి పెళ్ళికూతురి కారు సైన్యం చెక్‌పోస్టు దగ్గర ఇరుక్కుపోయింది. ఎంతకీ వదలకపోతే వియ్యాలవారంతా దిగి, తలగుడ్డలు గట్టిగా బిగించుకుని, రోడ్డు పక్కనే డప్పు తీసి ఆట మొదలుపెట్టారు. వెనక ఆగిన లారీవాళ్ళు హారన్లతో తాళం వేశారు. అవన్నీ నిహాయా కెమెరాలో పడ్డాయి, పడినవాళ్ళందరికీ ముందు చూపించి ఊ అనిపించుకుంది. పెళ్ళిళ్ళ నియమమే ఇక్కడా పెట్టుకుంది. ఎవరి మొహం వాళ్ళది, వాళ్ళు చూసి ఒప్పుకుంటేనే బయటికి వెళ్తుంది.

అన్నిటికంటే గొప్పది మాత్రం ఊరి చివర ఉమ్ ఫవ్వాజ్ ఇంటి దగ్గర దొరికింది.

ఆ ఊళ్ళో పెద్దవాళ్ళని పిల్లల పేరుతోనే పిలుస్తారు, తల్లయితే ఉమ్, తండ్రయితే అబూ. ఉమ్ ఫవ్వాజ్ ఇల్లు దాటితే సైన్యం వేసిన కంచె. కంచెలో ఒక ఇనుప గేటు. గేటు అవతల ఉన్న ఆలివ్ తోట ఉమ్ ఫవ్వాజ్ మొగుడిదీ, ఆయన తమ్ముడిదీ ఉమ్మడి. మొగుడు పోయాడు, ఇప్పుడు మరిది అబూ షుక్రీ చూసుకుంటున్నాడు. తన తోటకి తను వెళ్ళడానికి ఆయనకి కాగితం కావాలి. గేటు ఎప్పుడు తెరిస్తే అప్పుడు వెళ్ళాలి, ఎప్పుడు మూస్తానంటే ఆ లోపల రావాలి. తాత నాటిన చెట్టు దగ్గరికి మనవడు ఒక కుర్ర సిపాయి గడియారం చూసుకుని నడవాలి. దీని గురించి ఎంత తిట్టినా తక్కువే. ఊరు రోజూ తిడుతుంది, తిట్టి పనిలో పడుతుంది.

ఇక ఆ అబూ షుక్రీ పెళ్ళాం ఉమ్ షుక్రీకీ, ఈ ఉమ్ ఫవ్వాజ్‌కీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. తోడికోడళ్ళు. కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారు ఒకరి రొట్టె మెచ్చుకుని రెండోవాళ్ళ రొట్టె పక్కకి నెట్టిందని మొదలైంది. ఆ అత్తగారు పోయి ఎన్నాళ్ళో అయింది, తగువు మాత్రం దుక్కలా ఉంది. పండక్కీ, పలకరింపుకీ తప్ప ఒకరి గడప ఒకరు తొక్కరు. మాట్లాడుకోవాలంటే గోడ మీదుగా కోళ్ళతో మాట్లాడతారు. "కొందరి మొహాలు చూస్తే గుడ్లు కూడా పెట్టబుద్ధి కాదే నీకు" అని ఈవిడ తన కోడితో అంటుంది. ఆవిడ తన పుంజుతో ఇంకోటి అంటుంది.

ఆ రోజు నిహాయా తాబూన్ దగ్గర కూర్చుంది. మట్టి పొయ్యిలో గులకరాళ్ళు కాగి ఉన్నాయి. ఉమ్ ఫవ్వాజ్ వాటి మీద రొట్టెలు పరిచి మూత పెట్టింది. కెమెరా కోసమని ఆవిడ పండగ గౌను వేసుకుని, నడుం నిటారుగా పెట్టుకుని, రేడియోలో చదివినట్టు మాట్లాడుతోంది. అంతలో గేటు వైపు నుంచి అరుపులు. అబూ షుక్రీ అవతల నిలబడిపోయాడు. అడుగులో అడుగేసుకుంటూ వచ్చేసరికి సిపాయి అప్పుడే తాళం వేసేశాడు.

ఉమ్ ఫవ్వాజ్ రొట్టె మరిచింది, కెమెరా మరిచింది, గౌను కుచ్చిళ్ళు చేత్తో ఎత్తి పట్టుకుని పరుగెత్తింది. వెనక నిహాయా.

"ఒరేయ్ అబ్బాయ్! తాళం నీది, ఇనుము నీది, ఉంచుకో. మనిషి మావాడు. మనిషిని ఇటు పంపు."

"టైమైపోయింది" అన్నాడు సిపాయి, వచ్చీరాని అరబిక్కులో.

"నీ గడియారానికి ఆకలి తెలుస్తుందట్రా? అతనికి చక్కెర జబ్బు. ఇంటి దగ్గర పెళ్ళాం ముసఖ్ఖన్ చేసి పెట్టుకుని కూర్చుంది. కోడీ, రొట్టే అందరూ చేస్తారులే అనుకున్నావేమో. ఆ చేతి ముసఖ్ఖన్ ఈ జిల్లాలో ఇంకో చేతికి రాదు. ఆ ఉల్లిపాయలు అలా మగ్గించడం నేను కాపురానికొచ్చిన నాటి నుంచీ చూస్తున్నా, నాకే రాలేదు, ఇక నీకేం తెలుస్తుంది? ఆయన వచ్చేదాకా తను ముద్ద ముట్టదు. గుమ్మంలో నిలబడే ఉంటుంది పిచ్చిముండ. తెరువు గేటు!"

సిపాయికి జాలేసిందో, ఆవిడ నోటికి జడిశాడో, అప్పటికే అటు కమ్ముకొస్తున్న మాడు వాసనకి తట్టుకోలేకపోయాడో తెలీదు. విసుక్కుంటూ తాళం తీశాడు. అబూ షుక్రీ ఇవతలికొచ్చాడు. అప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంది ఉమ్ ఫవ్వాజ్. తాబూన్ మీద నల్లటి పొగ. రొట్టెలు బొగ్గయిపోయాయి. మరిదిని నాలుగు తిట్టి, ఆ నల్లటి రొట్టె మీద చెయ్యి పెట్టించి మరీ ఒట్టు వేయించుకుంది.

"నేను గేటు తీయించానని మీ ఆవిడకి తెలిసిందో, పళ్ళెం నిండా మిఠాయి పట్టుకొచ్చేస్తుంది. బతికినన్నాళ్ళూ నేను దాంతో మర్యాదగా మాట్లాడి చావాలి. చెప్పనని ఒట్టెయ్."

ఆ పెద్దమనిషి ఒట్టుకి కట్టుబడి ఇంటికెళ్ళి, చెట్టు కింద కునుకు పట్టేసిందని చెప్పి, ముసఖ్ఖన్‌తో పాటు చీవాట్లు కూడా తిన్నాడు.

సినిమా కూర్చడం అయింది. శుక్రవారం సాయంత్రం బడి ఆవరణలో ఊరందరికీ చూపించాలని అనుకున్నారు, తర్వాతే రామల్లాలో. నిహాయా ఎప్పటిలాగే ముందుగా ఉమ్ ఫవ్వాజ్ దగ్గరికి కెమెరా పట్టుకెళ్ళి చూపించింది. ఆవిడ కళ్ళార్పకుండా చూసి, "రొట్టె మాడింది. తీసెయ్" అంది.

"పెద్దమ్మా, రొట్టె కొంచెం తెల్లగా కనపడేట్టు చేస్తాను."

"ఏం, సరిగ్గా కాలనిది పెట్టానంటారా?"

"పోనీ గేటు దగ్గర మాటలు తీసేసి రొట్టె ఒక్కటే ఉంచనా?"

ఉమ్ ఫవ్వాజ్ కాసేపు ఆలోచనలో పడింది.

"లేదంటే రొట్టె మొత్తం తీసేసి, మాటలు ఉంచనా?"

ఆవిడ దిగ్గున లేచి నిలబడింది. "ఏదీ వద్దు. నువ్వు ముందు ఇంటికెళ్ళు."

నిహాయాకి అర్థమైపోయింది. రొట్టె ఒక సాకు. ఆవిడ బాధల్లా ఆ ముసఖ్ఖన్ పొగడ్త తోడికోడలి చెవిన పడకూడదని.

రవంద్‌కి ఫోన్ చేసి చెబితే ఆ పిల్ల నీరుగారిపోయింది. "అదే సినిమా అక్కా. మిగతా వాళ్ళంతా తల దువ్వుకుని కూర్చున్నారు. కెమెరా ఉందన్న సంగతి మరిచిపోయింది ఆవిడొక్కతే. తీసేటప్పుడు వద్దనలేదు కదా, పెట్టేద్దాం."

"తీసేటప్పుడు ఆవిడ నన్ను చూస్తేగా వద్దనడానికి? ఆవిడ నోటితో ఊ అనాలి. లేకపోతే లేదు."

"అయితే శుక్రవారం చూపించడానికి మనకి మిగిలేది మేకల స్నానమే."

ఆ రాత్రి నిమ్ర్‌కి అన్నం వడ్డిస్తూ నిహాయా ఏడ్చేసింది. ఏం జరిగిందో చెప్పలేదు, చెప్పకూడదు కదా. కానీ ఊరు చూసే తన మొదటి సినిమా గుండెకాయ లేకుండా పోతోందని చెప్పింది.

"పెద్దవాళ్ళెవరైనా మొండికేస్తే మేమేం చేస్తాం? జాహా కట్టుకుని వెళ్తాం" అన్నాడు నిమ్ర్, రొట్టె తుంచుకుంటూ.

పిల్లనడగడానికైనా, నెత్తుటి తగువు తీర్చడానికైనా ఊరి పెద్దలంతా కట్టగట్టుకుని ఒక గుమ్మం తొక్కితే అది జాహా. ఇంటివాళ్ళు కాఫీ పోసి ముందు పెడతారు. వచ్చినవాళ్ళు ముట్టుకోరు. అడిగింది ఒప్పుకుని, "ఇక తాగండి" అంటే అప్పుడు తాగుతారు. తాగకుండా లేచిపోయారంటే ఆ ఇంటికి తలవంపులు. అడిగినవాళ్ళు తొందరపడి ముందే తాగారంటే వాళ్ళకి అంతకంటే తలవంపులు, ఏడు ఊళ్ళు చెప్పుకుంటాయి.

నిహాయా చెయ్యి గరిటె మీదే ఆగిపోయింది. "ఆడవాళ్ళం కట్టకూడదా జాహా?"

"ఆడవాళ్ళ జాహానా! కాఫీ ముందు పెట్టుకుని తాగకుండా, మాట్లాడకుండా కూర్చోవాలి. మీ వల్ల అవుతుందా?" అని నిమ్ర్ పడీపడీ నవ్వాడు. నవ్వుతూనే, "ముందు నడిచే పెద్ద ఎవరన్నదే ముఖ్యం. గుమ్మంలోంచి వెనక్కి పంపలేని మనిషి కావాలి" అని కూడా అన్నాడు.

ఉమ్ ఫవ్వాజ్ వెనక్కి పంపలేని మనిషి ఎవరు? పక్కవాళ్ళని నవ్వుతూ పంపేస్తుంది. చుట్టాల్ని తిట్టి పంపేస్తుంది. ఎడమొహం పెడమొహంగా ఉన్న మనిషి తనంతట తాను గడప తొక్కి అడిగితే మాత్రం కాదనడం ఆ ఊళ్ళో ఎవరి తరమూ కాదు. అంటే ఉమ్ షుక్రీ. ఎవరికి వినపడకూడదని ఆవిడ పట్టుపడుతోందో ఆ మనిషినే తీసుకెళ్ళాలి.

"ఆ మహాతల్లి గడప నేను తొక్కాలా? నా కాళ్ళేం పడిపోయాయా?" అంది ఉమ్ షుక్రీ, బెండకాయలు కోస్తూ.

"జాహాకి పెద్దగా, చిన్నమ్మా."

కత్తి ఆగింది. "పెద్దగా అంటే? ముందు నడిచేది నేనా?"

"నువ్వే."

"మాట్లాడేది?"

"అదీ నువ్వే."

"ఏం అడగాలట?"

"ఆవిడ ఉన్న ముక్క సినిమాలో ఉంచమని. అందులో ఏముందో మాత్రం నేను చెప్పను."

ఉమ్ షుక్రీ మొహం వెలిగిపోయింది. "నువ్వు చెప్పేదేంటే! రొట్టె మాడింది కదూ? ఆ రోజు మాడు కంపు మా వంటింటిదాకా కొట్టింది. మా ఆయన కోటుక్కూడా పట్టింది. నేనప్పుడే అనుకున్నా. పద, ఇప్పుడే వెళ్దాం!"

"రేపు, చిన్నమ్మా" అంది నిహాయా నీరసంగా. ఈవిడ ఊరి కోసం కాదు, సినిమా కోసం కాదు, తోడికోడలి మాడిన రొట్టెను కళ్ళారా చూసి తరించడానికి వస్తోంది. అక్కడ నవ్విందంటే కొంప మునిగినట్టే.

మర్నాడు పొద్దువాలే వేళ అసర్ నమాజు అయ్యాక ఆడవాళ్ళు బారుగా కదిలారు. పింగాణీ గిన్నెలావిడ, కెమెరాకి కాఫీ పెట్టినావిడ, చెక్‌పోస్టు దగ్గర ఆడిన వియ్యపురాళ్ళు. అందరికీ ముందు నల్లటి కుట్టుపని గౌనులో ఉమ్ షుక్రీ, పెళ్ళికొడుకు తండ్రిలా గడ్డం పైకెత్తి నడిచింది. కిటికీల్లోంచి మగవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టి చూశారు. నిమ్ర్ టాక్సీ ఆపి, దిగి, గుండె మీద చెయ్యి పెట్టుకుని పక్కకి తప్పుకున్నాడు.

ఉమ్ ఫవ్వాజ్ తలుపు తీసింది. తోడికోడల్ని చూసింది. ఆవిడ వెనక బారును చూసింది. పక్కకి జరిగి దారిచ్చింది. కోడలు బుసైనా చేదు కాఫీ చిన్న చిన్న కప్పుల్లో పోసి అందరి ముందూ పెట్టింది. ఎవరూ ముట్టుకోలేదు.

ఉమ్ షుక్రీ గొంతు సవరించుకుంది. దేవుణ్ణి తలుచుకుంది, ప్రవక్తకి సలాం చెప్పింది, ఇంటి ముంగిట్లో నిమ్మచెట్టునూ పొగిడింది. "ఒక మాట కోసం వచ్చాం. మాట దక్కేదాకా ఈ కాఫీ ఇలాగే ఉంటుంది. మన నిహాయా ఇన్నేళ్ళు ఊళ్ళో ఆడవాళ్ళందరి మానమూ మూటగట్టి దాచింది. ఇప్పుడు తనకంటూ ఒకటి అడుగుతోంది. కాదనకు."

బాగా మాట్లాడింది. నిహాయాకి కళ్ళు చెమ్మగిల్లాయి. ఉమ్ ఫవ్వాజ్ తల వంచుకుని దిండు అంచు సవరిస్తూ కూర్చుంది. ఒప్పుకోలేదు, కాదనలేదు. కాఫీ మీద ఆవిరి తగ్గిపోతోంది. మూలనున్న వియ్యపురాలికి తుమ్మొచ్చి, అది కూడా ఆపుకుంది. అంతసేపు ఊరుకోవడం ఉమ్ షుక్రీ వల్ల కాలేదు.

"రొట్టె మాడిందనేగా నీ బెంగ? ఊరందరికీ తెలిసిందే. ఒక్కపూట చెయ్యి తప్పితే ఏమైందట? కొందరికి రోజూ తప్పుతుంది, పాపం!"

ఉమ్ ఫవ్వాజ్ తల చివ్వున లేచింది. "నా చెయ్యి తప్పిందా? నా రొట్టె ఎవడి కోసం మాడిందో తెలిస్తే అలా వాగవు! చూపించవే నిహాయా! దీనికొక్కదానికే చూపించు!"

అన్నాక నాలుక కరుచుకుంది. మాట బయటపడింది, ఇక మింగడానికి లేదు. నిహాయా కెమెరా తెరిచి ఉమ్ షుక్రీ ఒళ్ళో పెట్టింది. ఈవిడొక్కదానికే అన్నారు కాబట్టి, చెవులకి పెట్టుకునే పెద్ద హెడ్‌ఫోన్లు తీసి తలగుడ్డ మీద నుంచే తొడిగింది.

"గట్టిగానే వినపడుతోంది!" అని ఉమ్ షుక్రీ ఇల్లదిరేలా అరిచింది.

గదిలో వాళ్ళకి వినపడేదేమీ లేదు, కనపడేది ఆవిడ మొహం ఒక్కటే. అందరూ దాన్నే చూస్తున్నారు. మొదట పెదాలు సాగాయి. తర్వాత భుజాలు ఊగాయి. "పొగ! అమ్మో, పొగ చూడండే!" అని నవ్వుతూ తొడ చరుచుకుంది. ఉమ్ ఫవ్వాజ్ తలగుడ్డ కొంగు మొహం మీదికి లాక్కుంది. నిహాయా ఇక అయిపోయిందనుకుంది.

అప్పుడు ఆ నవ్వు సగంలో ఆగింది. ఉమ్ షుక్రీ తెర మీదికి వంగింది. కనుబొమలు దగ్గరికొచ్చాయి. ఒక చెయ్యి చెవి మీది తొడుగును గట్టిగా నొక్కిపట్టింది. పెదాలు ఎవరో అంటున్న మాటల్ని మెల్లగా మళ్ళీ అనుకుంటున్నట్టు కదిలాయి. గుమ్మంలో తను నిలబడి ఉన్న ఆ మధ్యాహ్నం, మొగుడు చెట్టు కింద నిద్రపోయానని చెప్పిన ఆ మధ్యాహ్నం, ఆవిడ కళ్ళల్లోకి వచ్చి నీళ్ళై దిగింది. అవి తుడుచుకోవాలని కూడా తోచలేదు. గొంతు ఆరిపోయినట్టుంది. తెర మీంచి చూపు తిప్పకుండానే చెయ్యి చాపి, ముందున్న కప్పు తీసుకుని, గటగటా తాగేసింది.

గది గదంతా కొయ్యబారిపోయింది.

జాహా పెద్ద, మాట దక్కకముందే కాఫీ తాగింది. ఇంతమంది ఆడవాళ్ళ ముందు. పింగాణీ గిన్నెలావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బుసైనా చేతిలో పళ్ళెం అలాగే నిలిచిపోయింది. ఉమ్ షుక్రీకి తను చేసిందేమిటో అప్పుడే తెలిసింది. ఖాళీ కప్పు వైపు చూసుకుంది. మెడ నుంచి నుదుటిదాకా ఎర్రబడింది. ఇప్పుడు ఉమ్ ఫవ్వాజ్ "నేనింకా తాగమనలేదే" అన్న ఒక్క ముక్క అంటే చాలు. అత్తగారి రొట్టె నాటి నుంచి పడిన మాటలన్నిటికీ వడ్డీతో చెల్లు. ఉమ్ షుక్రీ ఇక ఊళ్ళో తల ఎత్తుకోలేదు.

ఉమ్ ఫవ్వాజ్ మొహం మీది కొంగు తీసింది. తోడికోడలి ఎర్రబడ్డ మొహం చూసింది, చెంపల మీది తడి చూసింది. తర్వాత గదిలో అందరి వైపూ కళ్ళెర్రజేసింది.

"ఏంటలా గుడ్లప్పగించి చూస్తారు? ఒప్పుకున్నాను, తాగండి అని ఇందాకే అన్నాను కదా! చెవులు మూసుకుని కూర్చున్న మనిషికి వినపడింది, మీకేం పోయేకాలం వచ్చింది?"

ఎవరూ వినలేదు. ఆవిడ అనలేదు. అది అందరికీ తెలుసు. "అన్నావు, అన్నావు, నేను విన్నాను!" అంది కెమెరాకి కాఫీ పెట్టినావిడ అందరికంటే ముందు. "నేనూ విన్నాను!" అంది వియ్యపురాలు. కప్పులన్నీ ఒక్కసారి పైకి లేచాయి. ఎవరో నాలుక ఆడిస్తూ పెళ్ళికూత అందుకున్నారు, మిగతా అందరూ కలిపారు. నిహాయా మాత్రం తాగలేకపోయింది, ఏడుస్తూ నవ్వుతూ కప్పు ఒళ్ళో ఒలకబోసుకుంది.

ఉమ్ షుక్రీ హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టింది. చాలు అనేవాళ్ళు కప్పు ఆడించి ఇచ్చేస్తారు. ఆవిడ ఆడించలేదు. ఖాళీ కప్పు అలాగే ముందుకి చాచింది. బుసైనా రాబోతే, ఉమ్ ఫవ్వాజ్ కోడలి చేతిలోంచి కాఫీ కూజా లాక్కుని తనే వెళ్ళి ముందు కూర్చుంది.

"వేడిది పొయ్యక్కా. ఇందాకటిది చల్లారిపోయింది."

"చల్లారేదాకా నిమ్మచెట్టును పొగిడింది ఎవరే?" అంటూ ఉమ్ ఫవ్వాజ్ కప్పు నిండా పోసింది.